వెనక్కి తన్నిన బంతికి మార్క్ ఎందుకివ్వాలి? ఫుట్టీలో టైమ్ తినే ఆటపై చర్చ

టార్నీట్ తమ్ముడు:

నిన్న ఫుట్టీలో, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో, మా టీమ్ గెలిచింది. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఓడిపోయినా ఇంత చిరాకు పడేవాణ్ని కాదేమో. టీమ్ పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదకే పోతుంది.

మూడో క్వార్టర్ సగంలో మాకు మూడు గోల్స్ (గోల్‌కి ఆరు పాయింట్లు) ఆధిక్యం వచ్చింది. ఇక అక్కడి నుంచి మొదలు. మా బ్యాక్‌లైన్‌లో ఒకడు మార్క్ పడతాడు. తీరిగ్గా నాలుగడుగులు వెనక్కి నడుస్తాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. అంపైర్ కదలమనే దాకా చూసి, పక్కన ఖాళీగా ఉన్నవాడికి చిన్న చిప్ కిక్ ఇస్తాడు. వాడూ అంతే. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, మధ్యలో ఒకటి వెనక్కి. చుట్టుపక్కల జనం "కిక్ ఇట్!" అని అరిచి అరిచి ఊరుకున్నారు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. "నాన్నా, వీళ్లు ప్రాక్టీస్ చేసుకుంటున్నారా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

ఆట కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. కాలితో తన్నిన బంతి కనీసం 15 మీటర్లు వచ్చి, మధ్యలో ఎవరికీ తగలకుండా చేతుల్లో పడితే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాణ్ని ఎవరూ ముట్టుకోకూడదు, స్థిమితంగా తన్నుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. ఎవరూ పోటీకి రాని చోట ఇలా మార్కులు పట్టుకుంటూ పోతే అవతలివాళ్లు చూస్తూ నిలబడాల్సిందే. ఇక్కడ దీన్ని టెంపో ఫుట్టీ అంటారు. పేరు మాత్రం సంగీత కచేరీలా ఉంది.

నా ప్రతిపాదన: సొంత సగంలో వెనక్కి తన్నిన బంతికి మార్క్ ఇవ్వొద్దు. "ప్లే ఆన్" (ఆగకుండా ఆడు) అనేయాలి. ఒప్పుకుంటారా?

బౌండరీ బాబాయ్:

ఒప్పుకోను. తమ్ముడూ, నువ్వు కంచె పక్కన మొదటి వరసలో కూర్చుని ఉంటావు. అక్కడి నుంచి బంతి పట్టుకున్నవాడు, వాడి ముందు నిలబడ్డవాడు తప్ప ఏమీ కనపడదు. పై అంతస్తుకి ఎక్కి చూడు. నీవాడు మార్క్ పట్టే లోపే అవతలివాళ్లు దాదాపు అందరూ బంతికీ వాళ్ల గోల్‌కీ మధ్య వల పరిచేసి ఉంటారు. మనవాడు పొడుగ్గా తన్నితే ఆ వలలో పడుతుంది. ఇప్పుడు ఎక్కువ గోల్స్ వచ్చేది ఎదుటివాడు పోగొట్టుకున్న బంతి నుంచే. నీ టీమ్ ఒక బంతి అలా పారేసుకుని గోల్ తింటే, "ఎందుకు తన్నావురా" అని అరిచే మొదటివాడివి నువ్వే.

పులి-మేక ఆడావా చిన్నప్పుడు? అరుగు మీద సుద్దతో గీసుకుని ఆడేవాళ్లం. మేకలు గెలిచేది దూకి కాదు, ఒక్కొక్క దారీ మూసుకుంటూ వచ్చి. అది చూసి ఎవడూ విసుగని అనలేదే.

ఇదేమీ నిన్న పుట్టింది కూడా కాదు. 2000లో ఎసెండన్ సీజన్ మొత్తంలో ఓడింది ఒకే ఒక్క మ్యాచ్. ఆ ఓటమి వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో, 11 పాయింట్ల తేడాతో. కోచ్ టెర్రీ వాలెస్ మనుషులందరినీ వెనక్కి తెచ్చి గుంపు కట్టించాడు. దాన్ని ఫ్లడ్ అన్నారు. అదే వాలెస్ 2006లో రిచ్‌మండ్ కోచ్‌గా అడిలైడ్ మీద నువ్వు తిడుతున్న ఈ చిప్ కిక్‌ల ఆటే ఆడించాడు. అప్పుడు అడిలైడ్ మంచి ఊపు మీదుంది. ఓడింది. బలహీనుడికి దొరికిన ఆయుధం ఇది. అది కూడా లాక్కుంటే ఇక పై నాలుగు టీములే ఆడుకోవాలి.

కూతగాడు:

బాబాయ్ గారూ, పులి-మేక బల్ల మీది ఆట. దానికి ఎవరూ టికెట్ కొనలేదు.

మాది పల్నాడు, చెడుగుడు ఆడి పెరిగాను. "అవతలివాళ్లు కోట కట్టుకున్నారు, అందుకే నేనూ కదలను" అనే వాదన కబడ్డీలోనూ ఉండేది. ఆధిక్యంలో ఉన్నవాడు గీత దాటి వెళ్లి, అటూ ఇటూ ఊగి, ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చేసేవాడు. ప్రో కబడ్డీలో ఏం చేశారు? రైడ్‌కి 30 సెకన్లు. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే అవుట్. ఎవరిది తప్పని విచారణ పెట్టలేదు, ఆట కదిలేలా చేశారంతే. ఇప్పుడు ఆ మూడో రైడ్ కోసమే జనం లేచి నిలబడుతున్నారు.

బాస్కెట్‌బాల్‌లో కూడా అంతే. 1950లో అమెరికాలో ఫోర్ట్ వేన్ పిస్టన్స్, మినియాపొలిస్ లేకర్స్ మ్యాచ్ 19-18తో ముగిసింది. పొరపాటు పడకండి, అది మొత్తం మ్యాచ్ స్కోరు. 1954లో 24 సెకన్ల గడియారం పెట్టారు. సాకర్‌లో కాలితో ఇచ్చిన బ్యాక్‌పాస్‌ని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదని 1992లో నియమం తెచ్చారు. ఏ ఆటా చచ్చిపోలేదు.

ఫుట్టీలోనే ఉదాహరణ కావాలా? 2008 ఫైనల్. గీలాంగ్ బిహైండ్లు (గోల్ పక్క నుంచి పోయే ఒక్క పాయింట్లు) 23, అందులో 11 హాథార్న్ వాళ్లే కావాలని గీత దాటించుకున్నవి. ఒక పాయింట్ ఇచ్చేసి కిక్-ఇన్, అంటే గోల్ దగ్గర నుంచి బంతిని తామే తన్నే అవకాశం, తీసుకోవడం లాభమని. కప్పూ వాళ్లదే. మరుసటి ఏడాదే కావాలని దాటిస్తే ఫ్రీ కిక్ అన్నారు. ఆ గోల సద్దుమణిగింది. నియమం పనిచేస్తుంది బాబాయ్.

బౌండరీ బాబాయ్:

పనిచేసిన ఒక్కటి చెప్పావు, మిగతావి నేను చెప్తా. 2019లో 6-6-6 తెచ్చారు. మైదానం మధ్యలో ఆట మొదలుపెట్టే వేళ ప్రతి టీమ్‌కీ రెండు చివర్లా ఆరుగురేసి, మధ్యలో ఆరుగురు. బంతి లేచిన మరుక్షణం ఎవరు ఎటైనా పోవచ్చు, పోతున్నారు. 2021లో స్టాండ్ రూల్. మార్క్ పట్టినవాడి ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థి పక్కకి కదిలితే 50 మీటర్ల పెనాల్టీ, అంటే బంతి అంత ముందుకి పోతుంది. బంతి ఉన్నవాడికి దారి తెరుచుకుంటుంది, ఆట పరుగెత్తుతుందన్నారు. కొన్ని వారాలు పరుగెత్తింది. ఇప్పుడు చూడు, ఆ కదలని మనిషి ముందు నిలబడి మనవాడు ఇంకా హాయిగా ఆలోచించుకుంటున్నాడు. ఇంటర్‌చేంజ్‌లు (మ్యాచ్‌లో ఆటగాళ్లని మార్చుకునే సార్లు) 120 నుంచి 90కి, తర్వాత 75కి దించారు. అలసిపోతే ఖాళీలు ఏర్పడతాయని లెక్క. అలసినవాడు పరుగెత్తుతాడా, పక్కవాడికి చిన్న కిక్ ఇచ్చి ఊపిరి పీల్చుకుంటాడా? నువ్వే చెప్పు.

నీ కబడ్డీ పోలిక దగ్గర ఇంకో చిక్కుంది. రైడ్‌కి మొదలూ చివరా ఉన్నాయి. బాస్కెట్‌బాల్‌లో బంతి ఎవరిదో ఎప్పుడూ తెలుస్తుంది. ఇక్కడ ఎనిమిది మంది ఒకరి మీద ఒకరు పడి ఉంటే బంతి ఎవరిది? గడియారం ఎప్పుడు మొదలెడతావు?

తమ్ముడి "వెనక్కి" సంగతి సరేసరి. మైదానం కోడిగుడ్డు ఆకారం. బౌండరీ దగ్గర నుంచి మధ్యకి తన్నిన కిక్ వెనక్కా, పక్కకా? అంపైర్ చేతికి కోణమాని ఇస్తారా?

కొత్తగా వచ్చా:

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ వచ్చి మూడు నెలలు. ఆఫీసులో మొదటి రోజే "ఏ టీమ్ నీది?" అన్నారు, ఇంకా జవాబు చెప్పలేదు. ఒక చిన్న డౌట్: ఆ 15 మీటర్లు ఎవరు కొలుస్తారండీ?

టార్నీట్ తమ్ముడు:

అంపైర్ కన్ను. అందుకే కదా ఇంత గొడవ! నిన్న పడిన మార్కుల్లో కొన్ని పన్నెండు మీటర్లు కూడా ఉండవు, నా కళ్ల ముందే.

పెర్త్ అక్క:

మీరంతా రెండు వేరు వేరు విషయాల్ని కలిపేస్తున్నారు.

మేం పెర్త్ వచ్చింది 2004లో. వెస్ట్ కోస్ట్ ఈగిల్స్ జెండా తప్ప వీధిలో ఇంకోటి కనపడేది కాదు, అలా అలవాటైంది. 2005 ఫైనల్ సిడ్నీతో. ఆ ఏడాది సిడ్నీ ఆట అందంగా లేదని ఏఎఫ్‌ఎల్ (ఈ ఆట లీగ్) పెద్ద ఆండ్రూ డెమెట్రియూ బాహాటంగానే అన్నారు. పాల్ రూస్ కోచ్. ఫైనల్ స్కోరు 58-54. మొత్తం మ్యాచ్‌లో రెండు టీములవీ కలిపి 15 గోల్స్. చివర్లో లియో బారీ గుంపులోంచి లేచి బంతిని పట్టేశాడు, మేం ఓడిపోయాం. సిడ్నీకి 72 ఏళ్ల తర్వాత కప్పు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు. కానీ ఆ మ్యాచ్‌ని విసుగన్నవాళ్లని నేను చూడలేదు. మరుసటి ఏడాది అదే సిడ్నీ మీద 85-84తో మేం గెలిచాం, అది వేరే కథ.

చెప్పొచ్చేదేమిటంటే, స్కోరు తక్కువగా ఉండటం ఒకటి, ఆట ఆగిపోవడం ఇంకొకటి. ఆ రోజు ప్రతి బంతికీ ఇద్దరు ముగ్గురు కొట్టుకున్నారు. ఊపిరాడలేదు. తమ్ముడు చెప్పేదాంట్లో బంతి కోసం ఎవరూ రావట్లేదు. బాబాయ్ డిఫెన్స్‌ని సమర్థిస్తున్నారు, తమ్ముడు డిఫెన్స్‌ని తిట్టనే లేదు. బంతి చేతిలో ఉండి కూడా ఆడనివాణ్ని తిడుతున్నాడు.

కార్డీనియా పిల్లి:

అక్క మాటకి వంద లైకులు. నేను గీలాంగ్ అభిమానిని కాబట్టి ఈ జబ్బు గురించి అనుభవంతో మాట్లాడతాను.

2021 దాకా మేమే ఈ ఆటకి పెట్టింది పేరు. మెల్లగా మార్క్, మెల్లగా చిప్, బంతి మా దగ్గరే. మామూలు సీజన్‌లో మ్యాచ్‌లు గెలిచేవాళ్లం, ఫైనల్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకి) వెళ్లేవాళ్లం. అక్కడ ఎవడైనా వేగంగా మీదకొస్తే ఏం చేయాలో తెలిసేది కాదు. 2021 ప్రిలిమినరీ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) పెర్త్‌లో జరిగింది, అక్కకి గుర్తుండే ఉంటుంది. మెల్‌బోర్న్ 125, మేం 42. టీవీ కట్టేసి బట్టలు మడతపెట్టుకున్నాను.

2022లో అదే కోచ్ క్రిస్ స్కాట్, చాలావరకు అదే జట్టు. కానీ బంతి దొరకగానే ముందుకి. ఫైనల్‌లో సిడ్నీ మీద 133-52. ఆ ఏడాది మా కోసం ఎవరూ కొత్త నియమం రాయలేదు. మెల్లగా ఆడితే కప్పు రాదని తెలిసింది, మార్చుకున్నారు. నియమాల పుస్తకం జోలికి పోకండి. పెద్ద మ్యాచ్‌లే బుద్ధి చెప్తాయి.

కూతగాడు:

పిల్లి గారూ, మీకు బుద్ధి రావడానికి ఎన్నేళ్లు పట్టింది? అన్నేళ్లూ టికెట్ డబ్బులు ఎవరు కట్టారు?

పైగా కప్పు గురించి ఆలోచించేది పై టీములు. పన్నెండో స్థానంలో ఉన్న కోచ్‌కి కప్పు అక్కర్లేదు, ఉద్యోగం కావాలి. 70 పాయింట్లతో ఓడితే పేపర్లు ఉతికేస్తాయి, 15తో ఓడితే "కుర్రాళ్లు నేర్చుకుంటున్నారు" అంటారు. అందుకే గెలుస్తున్నప్పుడే కాదు, ఓడుతున్నప్పుడు కూడా టైమ్ తింటున్నారు. దాన్ని ఏ ఫైనల్ మారుస్తుంది?

బౌండరీ బాబాయ్:

ఈ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఓడుతూ చిప్ కిక్‌లు ఆడేవాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది.

టార్నీట్ తమ్ముడు:

హమ్మయ్య, బాబాయ్ ఒక్క ఇంచీ కదిలాడు. స్టాండ్ రూల్ పెనాల్టీ వేయండి ఎవరైనా.

సరే, పెర్త్ అక్క నా మనసులో మాట నాకంటే బాగా చెప్పింది. "వెనక్కి" అన్న ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నా. కోణాల గొడవ నిజమే. దాని బదులు ఇది చూడండి: మార్క్ దూరం 15 నుంచి 20 మీటర్లు చేయాలి. ఎటు తన్నినా సరే. బంతి గాల్లో ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది, అవతలివాడు పరుగెత్తి చెయ్యి పెట్టే అవకాశం ఉంటుంది. కొత్త గడియారం అక్కర్లేదు, ఉన్న అంకె మారిస్తే చాలు.

బౌండరీ బాబాయ్:

పదిహేనే కొలవలేని కన్ను ఇరవై కొలుస్తుందా?

పెర్త్ అక్క:

కొలవక్కర్లేదు బాబాయ్ గారూ. ఇప్పుడు పన్నెండుకి ఇస్తున్నవాళ్లు అప్పుడు పదిహేడుకి ఇస్తారు. అదే చాలు.

కార్డీనియా పిల్లి:

హహ్హ. అక్క అంపైర్ల సంఘానికి అధ్యక్షురాలు కావాలి. కానీ 20 చేస్తే 21 మీటర్లు గురి చూసి తన్నేవాణ్ని ప్రతి క్లబ్బూ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు) వెతుక్కుంటుంది. రాసిపెట్టుకోండి.

కొత్తగా వచ్చా:

ఇంత గొడవ పడుతున్నారంటే ఏదో ఉంది దీంట్లో. ఈ శనివారం ఎంసీజీకి (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కి) వెళ్దామనుకుంటున్నాను. ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

బౌండరీ బాబాయ్:

గోల్ వెనకాల, పై అంతస్తు. బంతిని చూడకు, బంతి లేని మనుషుల్ని చూడు. రెండో క్వార్టర్‌కల్లా ఆ వల కనపడుతుంది.

టార్నీట్ తమ్ముడు:

బాబాయ్ మాట విని ఈసారి నేనూ మావాడూ పైనే టికెట్లు తీసుకున్నాం. పక్కన ఒక సీటు ఖాళీ ఉంది, వస్తే రండి. అయితే మూడో క్వార్టర్‌లో నేను అరుస్తాను, ముందే చెప్తున్నా.