లైపో అయి 9 రోజులు, తగ్గకపోగా కిలోన్నర పెరిగాను. ఇది మామూలేనా?

మల్లెమొగ్గ27
పొట్టకి, నడుముకి రెండు పక్కలా లైపోసక్షన్ (చర్మం కింది కొవ్వు లాగేసే ఆపరేషన్) చేయించుకుని ఇవాళ్టికి 9 రోజులు. ఆపరేషన్‌కి ముందు డాక్టరు గారు అన్నీ చెప్పారు, నేనూ అన్నిటికీ తలూపాను, కానీ అప్పుడు నా బుర్రకెక్కింది పావు వంతేనని ఇప్పుడు తెలుస్తోంది. మొదటి రెండు రోజులు గాట్లలోంచి ఎర్రటి నీళ్లు కారి పక్కబట్టలన్నీ తడిసిపోతే మా ఆయన రక్తం పోతోందని హడలిపోయాడు. అది ఆగింది. ఇప్పుడు నా టెన్షన్ వేరే. బరువు చూసుకుంటే ఆపరేషన్‌ ముందు కన్నా కిలోన్నర ఎక్కువ. పొట్ట చెక్కలా గట్టిగా ఉంది, తడిమితే లోపల గోలీల్లా గడ్డలు తగులుతున్నాయి, బొడ్డు చుట్టూ చెయ్యి పెడితే ఎవరి చర్మమో ముట్టుకున్నట్టుంది. కుడిపక్క కొంచెం ఎక్కువ ఉబ్బింది, అక్కడ నొక్కితే నీళ్ల సంచిలా కదులుతోంది. నిన్న అద్దం ముందు నిలబడి ఏడ్చేశాను. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి, ధైర్యం చెప్పడం కోసం చెప్పకండి.

గాలిపటం
నేను తొడలకి చేయించుకుని 7 నెలలు అయిందండి. ముందు ఆ బరువు చూసే మిషన్ మంచం కిందికి తోసేయండి. ఒళ్లంతా నీరు పట్టి ఉన్నప్పుడు అది చూపించేది కొవ్వు లెక్క కాదు. ఇంకోటి, మా డాక్టరు 3 లీటర్లు తీశాం అన్నప్పుడు నేను 3 కిలోలు తగ్గాననుకుని మురిసిపోయాను, తీరా అందులో వాళ్లు ఎక్కించిన నీళ్లు కూడా ఉంటాయట! అసలిది బరువు తగ్గే ఆపరేషనే కాదు, ఒంటి ఆకారం సరిచేసేది.

నాకు ఎలా గడిచిందో చెప్తాను. మొదటి వారం వ్యాయామం చేయడం తెలియనివాడితో ఒక్కరోజే వెయ్యి గుంజిళ్లు తీయించినట్టు నొప్పి, కూర్చోవాలన్నా లేవాలన్నా గోడ పట్టుకోవడమే. కమిలిన మచ్చలు నల్లగా, ఊదాగా, తర్వాత పసుపుగా మారుతూ మోకాళ్ల దాకా దిగాయి. అక్కడ కత్తి పెట్టనే లేదు కదా అని భయపడ్డాను, బరువుకి కిందికి జారతాయంతే. మూడు వారాలకి పోయాయి. గడ్డలు మాత్రం మొండివి, మూడో వారంలో ఇంకా గట్టిపడి రెండో నెల నుంచి మెత్తబడ్డాయి. మొద్దుబారిన చోట స్పర్శ తిరిగొచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు అర్ధరాత్రి ఒకటే దురద. మూడు నెలలకి పాత బట్టలు వదులయ్యాయి, ఆరో నెల దాకా కొద్దికొద్దిగా తగ్గుతూనే వచ్చింది. ఏడుపంటారా, నేను రెండో వారం మొత్తం ఏడ్చాను.

రాత్రిడ్యూటీ
సర్జరీ వార్డులో నర్సుగా చేస్తాను. మల్లెమొగ్గ గారూ, మీరు చెప్పినవాటిలో బరువు, గట్టిదనం, గడ్డలు, తిమ్మిరి ఈ టైములో చాలామందికి ఉండేవే. కానీ ఆ "నీళ్ల సంచిలా కదలడం" నాకు నచ్చలేదు. కొవ్వు తీసిన ఖాళీలో రసి చేరితే అలాగే ఉంటుంది, దాన్ని సీరోమా అంటారు. చిన్నదైతే శరీరమే పీల్చేసుకుంటుంది, పెద్దదైతే డాక్టరు సూదితో తీసేస్తారు. మీరు నొక్కి నొక్కి చూడకండి, రేపు పొద్దున్నే వెళ్లి చూపించండి, వాయిదా రోజు దాకా ఆగొద్దు.

ఆ ఎర్రనీళ్ల సంగతి మీ ఆయనకి చెప్పండి. కొవ్వు లాగేముందు ఉప్పునీళ్లలో మొద్దుబారే మందు లిడోకెయిన్, రక్తనాళాలు ముడుచుకోవడానికి అడ్రినలిన్ కలిపి లోపలికి ఎక్కిస్తారు. మిగిలినది ఆ గాట్లలోంచి బయటికొస్తుంది, కొంచెం రక్తం కలిసినా చూడటానికి బోలెడు కనిపిస్తుంది. ఆపరేషన్ రోజు హాయిగా ఉండి, ఆ మందు దిగిపోయాక రెండో రోజు నొప్పి ఎక్కువయ్యేదీ అందుకే.

వాపు తగ్గడానికి ఆపరేషన్ చేసిన చోట బిగుతుగా వేసే బెల్టు ఎన్ని వారాలన్నది మీ డాక్టరు మాటే, మామూలుగా 4 నుంచి 6 వారాలు వేయిస్తారు. లోపల బట్ట మడతపడితే చర్మం మీద గాడి పడుతుంది, చూసుకోండి. విప్పేటప్పుడు కూర్చుని విప్పండి, ఒక్కసారిగా ఒత్తిడి పోయేసరికి స్నానాల గదిలోనే కళ్లు తిరిగి పడినవాళ్లని చూశాను. మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచి గానీ ఐస్ గానీ పెట్టొద్దు, కాలినా తెలీదు. రోజూ ఇంట్లోనే అటూ ఇటూ నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే మంచంలోనే ఉండిపోకూడదు. బరువులెత్తడం, జిమ్ము లాంటివి డాక్టరు సరే అనేదాకా వద్దు.

వీటిలో ఏది కనిపించినా మాత్రం రేపటి దాకా కూడా ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి: ఆయాసం, ఛాతీనొప్పి, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పెట్టడం, మాట తడబడటం లేదా మనిషి అయోమయంగా ఉండటం, 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, ఎరుపు పాకడం, చీము, రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరగడం, పొట్టనొప్పితో వాంతులు.

బక్కోడిని_కాను
ఇక్కడ అందరూ చివరికి అంతా సర్దుకుంటుందనే రాస్తారు, అందుకే నేను రాస్తున్నా. నాకు ఛాతీకి చేశారు, ఏడాదైంది. ఎడమవైపు చిన్న గుంట అలాగే ఉండిపోయింది. చొక్కా వేసుకుంటే తెలీదు, విప్పితే నాకు తెలుస్తుంది. మళ్లీ సరిచేయొచ్చంటున్నారు కానీ ఆ బెల్టు గుర్తొస్తే వద్దులే అనిపిస్తోంది. అలాగని 9వ రోజున కుడి ఎడమలు కొలుచుకోవడం దండగ, నా డాక్టరైతే ఆరు నెలలు దాటందే ఆ మాట ఎత్తనివ్వలేదు. ఇంకో మాట, తీసేసిన కొవ్వు కణాలు తిరిగి రావు, మిగిలినవి మాత్రం తిండిని బట్టి ఉబ్బుతాయి. నాకిది కొంచెం అనుభవమే.

మల్లెమొగ్గ27
రాత్రిడ్యూటీ గారూ, ఇవాళ వెళ్లొచ్చాను. మీరన్నదే, రసి చేరిందట. సూదితో తీశారు, తేనె రంగులో పల్చగా ఉంది, అక్కడ స్పర్శే లేదు కాబట్టి సూది గుచ్చినట్టు కూడా తెలియలేదు. మళ్లీ చేరవచ్చు, మూడు రోజులకి రమ్మన్నారు. నేను బెల్టు రాత్రిపూట విప్పి పడుకుంటున్నానని చెప్పేసరికి మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టారు. ఇక్కడ ఆ మాట రాయలేదు కదా, అందుకే ఎవరూ అడగలేదు.

గాలిపటం
రాత్రిపూట విప్పేశారా! నేను ఆ వేడికి, దురదకి ఎన్నోసార్లు విప్పబోయి ఆగాను తల్లీ. ఇంకోటి కొనుక్కోండి, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు రెండోది వేసుకోవచ్చు. లోపల పల్చటి నూలు బనియన్ మడతల్లేకుండా వేసుకోవచ్చేమో డాక్టరుని అడగండి, నాకు సరేనన్నారు, దురద సగం తగ్గింది.