పాత టూ స్టేజ్ కంప్రెసర్: 6 కిలోల దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న:
ఇంటి షెడ్డు కోసం పాత 3 హెచ్‌పీ టూ స్టేజ్ కంప్రెసర్ (పెద్ద సిలిండర్ నొక్కిన గాలిని చిన్నది మళ్లీ నొక్కేది) కొన్నా. బోర్లు (సిలిండర్ల లోపలి వ్యాసం) 80, 50 మి.మీ., ట్యాంకు 220 లీటర్లు, నేమ్‌ప్లేటు మీద ప్రెషర్ 12 కిలోలని (చదరపు సెంటీమీటరుకి) ఉంది. 6 కిలోలు దాటట్లేదు. రెండు హెడ్‌ల మధ్య గాలిని చల్లబరిచే ఫిన్నుల పైపు మీదున్న చిన్న సేఫ్టీ వాల్వ్ మాటిమాటికీ లేస్తోంది. రాణిగంజ్‌లో పిస్టన్ రింగుల సెట్టు తెచ్చి, సిలిండర్లకి బోరింగ్ (లోపల చెక్కి నునుపు చెయ్యడం) చేయించెయ్యనా?

బాలానగర్ ఫిట్టర్:
రింగుల జోలికి ఇప్పుడే పోకన్నా. 12 కిలోల మెషిన్‌కి ఆ మధ్య పైపులో రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉండాలి. అక్కడ వాల్వ్ లేస్తోందంటే పెద్ద సిలిండర్ గాలి పంపుతోంది, చిన్నది దాన్ని ముందుకు తొయ్యలేకపోతోంది. అనుమానం చిన్న సిలిండర్ వాల్వ్‌ల మీదే. పెద్దదాని వాల్వ్ పోతే మధ్య ప్రెషర్ తగ్గిపోతుంది, ఫిల్టర్ దగ్గర చెయ్యి పెడితే గాలి వెనక్కి కొడుతుంది. ఆ సేఫ్టీ వాల్వ్‌ని మాత్రం బిగించి ఆపొద్దు.

చిన్న హెడ్ విప్పి డిశ్చార్జ్ (గాలి బయటికెళ్లే) వాల్వ్ సీటు, అంటే వాల్వ్ ప్లేటు కూర్చునే చోటు చూడు. ఇంజన్ ఆయిల్ పోసి నడిపిన మెషిన్లలో నల్ల మసి గట్టిగా పట్టేసి ప్లేటు సరిగ్గా కూర్చోదు. వైరు బ్రష్ వద్దు, సీటు మీద గీతలు పడతాయి. రాత్రంతా డీజిల్లో నానబెట్టి ప్లాస్టిక్ ముక్కతో తియ్యి. సీటుని గాజు పలక మీద ఫైన్ గ్రైండింగ్ పేస్టుతో రుద్దు. ప్లేట్లు, స్ప్రింగులు కొత్తవే వెయ్యి. అరిగిన ప్లేటు తిరగేసి వేస్తే విరిగి, ముక్క సిలిండర్లో పడుతుంది. వాల్వ్ సెట్ చేశాక గాలి బయటికెళ్లే వైపు నుంచి కాస్త డీజిల్ పోసి చూడు, ధారగా కారకూడదు. తర్వాత సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. వేడి సిలిండర్లో డీజిల్ మిగిలితే మంట అంటుకోవచ్చు.

చర్లపల్లి వెల్డర్:
అన్నిటికంటే ముందు ట్యాంకు చూడండి సార్. నీళ్లు నిలిచేది అడుగునే, తుప్పు లోపలి నుంచి తింటుంది, పైన పెయింటు మాత్రం బాగానే కనిపిస్తుంది. పంపు విప్పి, ట్యాంకు నిండా నీళ్లు నింపి, గాలి బుడగ లేకుండా చేసి, చేతి పంపుతో 18 కిలోల దాకా ఎక్కించి అరగంట ఉంచండి. గేజ్ ముల్లు కిందికి కదిలినా, ఎక్కడైనా చెమ్మ కనిపించినా ఆ ట్యాంకు పక్కన పెట్టెయ్యండి. ప్యాచ్ వెల్డింగ్ చెయ్యమని నన్నడిగినా చెయ్యను. గాలితో టెస్టు అస్సలొద్దు: నీళ్లయితే చిన్న లీకుకే ప్రెషర్ పడిపోతుంది, గాలయితే ట్యాంకే పేలుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ట్యాంకు టెస్టు చేయించాకే పంపు ముట్టుకుంటా. రింగులు బాగున్నాయో లేదో తెలిసేదెలా? ఆయిల్ ఏది?

బాలానగర్ ఫిట్టర్:
రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి, రింగు రెండు కొసల మధ్య గ్యాప్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) పెట్టు. పెద్దదానికి 0.25 నుంచి 0.3, చిన్నదానికి 0.15 నుంచి 0.2 మి.మీ. ఉంటే కొత్త రింగుతో సమానం. దానికి రెండింతలు దాటితే మార్చు. బోరింగ్ మాత్రం సిలిండర్లో గోరుకి తగిలేంత గాడి ఉంటేనే. ఆయిల్ వీజీ 100 (చిక్కదనం గ్రేడు) కంప్రెసర్ ఆయిల్, మట్టం చూపించే గాజు కన్నులో సగం దాకా. ఫ్లైవీల్ ఆకులు సిలిండర్ల వైపు గాలి కొట్టేలా తిరగాలి. మోటారు తిరగేసి కలిపితే హెడ్ కాలిపోతుంది. మొదటి అరగంట డెలివరీ (గాలి బయటికెళ్లే దారి) తెరిచి ఉత్తగా తిప్పు. సింగిల్ ఫేజ్ మోటారయితే 16 ఆంపియర్ల సాకెట్ నుంచి లాగొద్దు, 4 స్క్వేర్ (చదరపు మి.మీ.) కాపర్ వైరు విడిగా తెచ్చుకో.