పాత పికప్ వెనక అద్దం నేనే బిగించుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మా పాత పికప్‌లో ఇనప పైపులు వేసుకుని వస్తుంటే, సడన్ బ్రేక్ వేసినప్పుడు ఒక పైపు ముందుకు జారి క్యాబిన్ వెనక అద్దానికి తగిలింది. టెంపర్డ్ గ్లాస్ కదా, ముందు అద్దంలా పగుళ్లిచ్చి ఆగలేదు. మొత్తం జొన్నగింజల్లా సీటు మీద రాలిపోయింది. రెండుసార్లు వాక్యూమ్ పెట్టినా సీటు బెల్టు సందుల్లోంచి ఇంకా ముక్కలు వస్తూనే ఉన్నాయి.

ఈ అద్దం గమ్ముతో అతికించింది కాదు, రబ్బరు బీడింగ్‌లో కూర్చునే రకం. పాత రబ్బరు గట్టిపడి, వంచితే విరిగిపోతోంది. కాబట్టి కొత్తదే వేస్తాను. అది తీశాకే అసలు టెన్షన్ మొదలైంది. కింది రెండు మూలల్లో రేకు తుప్పు పట్టి, పెయింటు పొక్కుల్లా లేచింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలు రాలాయి కానీ, చిల్లు మాత్రం పడలేదు. గీకి ప్రైమర్, పెయింటు వేస్తే చాలా, లేక ఆ ముక్క కోసి వెల్డింగ్ చేయించాలా?

బిగించే పద్ధతి ఇలా విన్నాను: అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, లోపలి గాడిలో నైలాన్ తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, ఒకరు బయటినుంచి నొక్కుతుంటే ఇంకొకరు లోపలినుంచి తాడు లాగాలి. తాడు ఎంత మందం ఉండాలి? రబ్బరు అతుకు పైన రావాలా, కిందా? సీలెంట్ కూడా పూయాలా?

ప్రస్తుతానికి ప్లాస్టిక్ షీటు అంటించాను, వాన పడితే నిలవదు. స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.