లైవ్ డీవీడీలోని లినక్స్‌ని రెండో హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి, విండోస్ పోకూడదు

ప్రశ్న:
నమస్కారమండీ. నా డెస్క్‌టాప్‌లో రెండు డిస్కులున్నాయి. 250 జీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10 ఉంది. ఇంకోటి 500 జీబీ పాత హార్డ్ డిస్క్, ఖాళీదే. వారం రోజులుగా లినక్స్ మింట్‌ని లైవ్ డీవీడీ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) మీదే నడుపుతున్నా, బాగా నచ్చింది. కానీ ఆపేసి మళ్లీ వేస్తే మార్చుకున్న సెట్టింగులన్నీ మాయం. పైగా ఏది తెరిచినా డీవీడీ గిర్రుమని తిరగడం, నేను ఎదురుచూడటం. డీవీడీలో ఉన్నవన్నీ ఆ పాత డిస్క్‌లోకి కాపీ చేసేస్తే పనవుతుందా? ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కి చూశాను. డిస్క్ మొత్తం తుడిచేస్తానంది. ఏ డిస్కో చెప్పలేదు. టెన్షన్ పుట్టి వెనక్కొచ్చేశా.

జవాబు 1:
వెనక్కి రావడమే మంచిదైంది. కాపీ చేస్తే పనవదండీ. డీవీడీలో సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో కుదించిన ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది. దాన్ని చదవగలమే గానీ అందులో రాయలేం. మీరు మార్చినవన్నీ ర్యామ్‌లో ఉంటాయి కాబట్టి కంప్యూటర్ ఆగగానే పోతాయి. ఇన్‌స్టాలర్ ఆ మూట విప్పి డిస్క్ మీద పరుస్తుంది, తర్వాత ఆ డిస్క్ నుంచి కంప్యూటర్ లేచేలా బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం పెడుతుంది. ఈ రెండో పని కాపీతో జరగదు.

ముందు మీ డిస్కుల్ని గుర్తుపట్టండి. లైవ్‌లోనే జీపార్టెడ్ (డిస్కుల్ని భాగాలుగా చేసే ప్రోగ్రాం) తెరిస్తే పైన కుడివైపు డిస్కుల పేర్లు, సైజులు కనిపిస్తాయి. డిస్కులకు లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లను నమ్మకండి, ఈసారి ఏ అయింది వచ్చేసారి బీ కావచ్చు. సైజు చూసి గుర్తుపట్టండి. మీకు ఒకటి 250, ఒకటి 500 కాబట్టి తికమక లేదు.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ అసలు గొడవ తుడిచేయడంతో కాదు, బూట్‌లోడర్‌తో. నేను కాలు జారింది అక్కడే. రెండో డిస్క్‌నే జాగ్రత్తగా ఎంచుకుని ఇన్‌స్టాల్ చేశా, అంతా బాగుందనుకున్నా. కొన్నాళ్లకు ఆ డిస్క్ తీసి వేరే మెషీన్‌లో పెడితే అది లేవలేదు. ఇటు చూస్తే, విండోస్ ఉన్న మెషీన్ నల్ల తెర మీద గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్ పేరు) అని చూపించి ఆగిపోయింది. ఎందుకంటే లినక్స్ రెండో డిస్క్‌లోకి వెళ్లింది గానీ దాని బూట్‌లోడర్ మాత్రం విండోస్ డిస్క్‌లో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్‌లోడర్లు ఉండే చిన్న భాగం) చేరింది. బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలో అడిగే గడిలో రెండో డిస్క్‌నే ఎంచుకున్నా, యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ని లేపే కొత్త పద్ధతి, పాతది లెగసీ) మెషీన్లలో కొన్ని ఇన్‌స్టాలర్లు ఆ మాట పట్టించుకోవు.

నా సలహా ఒక్కటే. కంప్యూటర్ ఆపి, కరెంటు ప్లగ్ తీసి, ఎస్‌ఎస్‌డీకి వెళ్లే సాటా డేటా వైరు పీకేయండి. తర్వాత డీవీడీతో లేపండి. ఇక మెషీన్‌కి కనిపించేది ఒక్క డిస్కే. మీరు భయపడిన "తుడిచేసి ఇన్‌స్టాల్" ఆప్షన్‌నే ధైర్యంగా నొక్కండి, పార్టిషన్లు అదే చేసుకుంటుంది. చేతితో పార్టిషన్లు చేయడం గురించి పేజీలు పేజీలు రాస్తారు, మీకు అదంతా అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
వైరు పీకడం చేయగలను. ఒకవేళ పీకలేని చోట ఉంటే ఏం చేస్తారు? ల్యాప్‌టాప్‌లో కూడా చేయాలని ఉంది.

జవాబు 2:
కొన్ని బోర్డుల్లో బయోస్ సెట్టింగుల్లోనే ఆ పోర్టుని ఆపేసే వీలుంటుంది. అదీ లేకపోతే జీపార్టెడ్‌లో విండోస్ డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కున్న బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు (పార్టిషన్ మీది గుర్తులు) తాత్కాలికంగా తీసేయండి. రెండో డిస్క్‌ని జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) చేసి, మొదట 512 ఎంబీ ఫ్యాట్32 పార్టిషన్ చేసి ఈఎఫ్‌ఐ కింద పెట్టండి, మిగిలింది ఎక్స్‌ట్4 (లినక్స్ వాడే ఫైల్ పద్ధతి)గా రూట్‌కి, అంటే లినక్స్ సిస్టమ్ ఉండే చోటికి, ఇవ్వండి. పనయ్యాక, రీస్టార్ట్ చేసేలోపే, తీసిన ఫ్లాగులు మళ్లీ పెట్టడం మర్చిపోకండి. మర్చిపోతే విండోస్ లేవకపోవచ్చు.

జవాబు 1:
ఒక్క మాట చేర్చనివ్వండి. విండోస్ ఏ మోడ్‌లో లేస్తుందో డీవీడీ కూడా అదే మోడ్‌లో లేవాలి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ చూడండి, యూఈఎఫ్‌ఐ అనో లెగసీ అనో ఉంటుంది. బూట్ మెనూలో డీవీడీ రెండుసార్లు కనిపిస్తే అందులో యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి, మీ విండోస్ యూఈఎఫ్‌ఐ అయితేనే సుమా. అలాగే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే అది పూర్తిగా ఆగదు, లినక్స్ నుంచి ఆ పార్టిషన్లో రాయడానికి కుదరకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అయిపోయిందండీ! వైరు పీకి చేశా, పది నిమిషాల పని. ఇప్పుడు వైరు మళ్లీ పెట్టాక రెండు సందేహాలు. లినక్స్ మెనూలో విండోస్ కనబడట్లేదు. విండోస్‌లోకి వెళ్తే గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తోంది.

జవాబు 2:
ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డిస్క్ లేదు కదా, గ్రబ్‌కి ఆ సంగతి తెలియదు. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి సుడో అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) కమాండ్ ఇస్తే వెతికి చేర్చుకుంటుంది. నేనైతే అదీ చేయను. ఆన్ చేయగానే ఎఫ్12 లేదా మీ బోర్డు చెప్పే కీ నొక్కి, ఏ డిస్క్ కావాలో అక్కడే ఎంచుకుంటా. ఒకదాని జోలికి ఇంకోటి రాకుండా ఉంటుంది.

గడియారం సంగతి తేలికే. బోర్డు మీది గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) చదువుతుంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 (timedatectl set-local-rtc 1) అని ఇవ్వండి, ఇద్దరూ ఒకే లెక్కకి వస్తారు.

ప్రశ్న అడిగినవారు:
గడియారం సరిపోయింది. మెషీన్ ఆపి ఎస్‌ఎస్‌డీ వైరు తీసి ఒకసారి, అది పెట్టి హార్డ్ డిస్క్ వైరు తీసి ఇంకోసారి ఆన్ చేసి చూశా. రెండూ దేనికది లేచాయి. డీవీడీని డ్రైవ్‌లోంచి తీసి కవర్లో పెట్టేశా.