జార్జియాలో అద్దె ఇల్లు కొంటున్నాం: క్లోజింగ్ అటార్నీ మన తరఫు లాయరేనా?

ప్రశ్న:
అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో అద్దెకిచ్చే ఇల్లు కొంటున్నాను. ధర 4 లక్షల డాలర్లు, డీఎస్‌సీఆర్ లోన్ (నా జీతం కాక ఇంటి అద్దె ఆదాయం చూసి ఇచ్చేది) 3 లక్షలు, మా ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పేరు మీద. ఇంట్లో ఇప్పటికే అద్దెకున్నవాళ్లున్నారు. ఇక్కడ క్లోజింగ్‌కి (సంతకాలు, చెల్లింపు పూర్తయి ఇల్లు చేతులు మారడం) అటార్నీ తప్పనిసరి అంటున్నారు. ఫీజు నేనే కడుతున్నా కదా, ఆయన నా లాయరేనా? ఎల్‌ఎల్‌సీలో మా ఆవిడ కూడా సభ్యురాలే, ఆ రోజుకి తను హైదరాబాద్‌లో ఉంటుంది.

జవాబు 1:
కాదండీ. ఫీజు మీరు కట్టినా, లోన్ ఉన్నప్పుడు మామూలుగా ఆయన క్లయింటు లెండరే. డీడ్ (ఇంటి యాజమాన్యం బదిలీ చేసే పత్రం) తయారుచేసి సంతకాలు చేయించడం లాయరు చేయాల్సిన పనేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2003లో తేల్చింది, అందుకే తప్పనిసరి. ఆయన మామూలుగా 50 ఏళ్ల టైటిల్ (యాజమాన్య చరిత్ర) వెతికిస్తారు, పాత అప్పులు, పన్ను, హెచ్‌వోఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బాకీలు తీర్పిస్తారు, డీడ్ రికార్డు చేయిస్తారు. కాంట్రాక్టులో మీకు నష్టం చేసే షరతుంటే చెప్పడం ఆయన పని కాదు. దానికి వేరే లాయరు కావాలి, అదీ డ్యూ డిలిజెన్స్ గడువు (ఇల్లు పరిశీలించి వద్దనుకోవడానికి ఇచ్చిన రోజులు) లోపలే. ఆ తర్వాత వెనక్కి తగ్గితే ఎర్నెస్ట్ మనీ (బయానా) పోయే ప్రమాదం ఉంది.

లెండర్ టైటిల్ పాలసీ (యాజమాన్యంలో చిక్కులొస్తే ఆదుకునే బీమా) లెండర్‌నే కాపాడుతుంది. మీ వైపు రక్షణకి ఓనర్స్ పాలసీ విడిగా అడగండి. అందులో పేరు మీది కాదు, ఎల్‌ఎల్‌సీది, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

జవాబు 2:
లెక్కల కాగితం ముందే తెప్పించుకోండి. మూడు రోజుల ముందు క్లోజింగ్ డిస్‌క్లోజర్ (ఖర్చుల వివరాల పత్రం) ఇవ్వాలన్న ఫెడరల్ నియమం మీలాంటి వ్యాపార లోన్లకి వర్తించదు. అడగకపోతే సంతకం రోజే చూస్తారు. మీ లోన్ మీద ఇంటాంజిబుల్ టాక్స్ (లోన్ పత్రం రికార్డు చేసేటప్పుడు కట్టే పన్ను) 500 డాలర్లకి 1.50 చొప్పున 900 డాలర్లు. మూడేళ్ల లోపు తీరే నోటు (అప్పు పత్రం) అయితే ఇది ఉండదు. ట్రాన్స్‌ఫర్ టాక్స్ (ఇల్లు చేతులు మారినందుకు పన్ను) సుమారు 400, అది అమ్మేవారిది.

ఎక్కువ తప్పులు జరిగేది అద్దె దగ్గర. నెలకి 2,400 అద్దె, 30 రోజుల నెలలో 12న క్లోజింగ్ అనుకోండి. ఆ నెల అద్దె అమ్మేవారికి ముందే అందితే, 12 నుంచి నెలాఖరు దాకా, అంటే 19 రోజులకి 1,520 మీకు క్రెడిట్ రావాలి. అద్దెదారు కట్టిన డిపాజిట్ కూడా. లీజు కాపీ అటార్నీకి పంపకపోతే ఈ రెండు వరసలూ కాగితంలో కనిపించవు. డిపాజిట్ ఎంతో, బకాయిలున్నాయో లేదో అద్దెదారుతో ఎస్టాపెల్ లెటర్ రాయించి పెట్టుకోండి.

జవాబు 3:
ఆవిడ సంతకం గురించి: ఒక్కరే సంతకం చేయొచ్చని సభ్యులిద్దరూ తీర్మానం రాసిస్తే, ఎల్‌ఎల్‌సీ తరఫున మీరొక్కరే సరిపోతారు. తీర్మానం, ఆపరేటింగ్ అగ్రిమెంట్ (ఎల్‌ఎల్‌సీ సభ్యుల ఒప్పందం) రెండూ కనీసం వారం ముందు అటార్నీకి చేరాలి. చిక్కు గ్యారంటీ (లోన్‌కి సభ్యులు వ్యక్తిగతంగా ఇచ్చే హామీ) దగ్గర. లెండర్ ఆవిడ గ్యారంటీ కూడా అడిగి, నోటరీ కావాలంటే నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఒక్కో ముద్రకి 50 డాలర్లు. అడుగుతారో లేదో ఇవాళే కనుక్కోండి.

ఇంకోటి, మీరు డబ్బు పంపాల్సిన వైర్ అకౌంటు మారిందని ఈమెయిల్ వస్తే అస్సలు నమ్మకండి. అందులో ఇచ్చిన నంబరుకి కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఆఫీసు నంబరుకి ఫోన్ చేసి అంకెలన్నీ చదివించుకోండి.