ఇయోవాల్డీకి 7.5 కోట్లు, బుల్‌పెన్‌కు చిల్లర: టెక్సస్ బేస్‌బాల్ టీమ్ రేంజర్స్ చేసింది సరైనదేనా?

ప్లానో శ్రీను: 2025 సీజన్ ముందు ప్రాక్టీసు, అదే స్ప్రింగ్ ట్రైనింగ్, మొదలవుతోంది, అడిగేస్తున్నా. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్ (స్టార్టర్) నేథన్ ఇయోవాల్డీని మూడేళ్లకు 7.5 కోట్ల డాలర్లిచ్చి నిలబెట్టుకున్నారు, సంతోషం. మరి బుల్‌పెన్, అంటే స్టార్టర్ తర్వాత దిగే రిలీవర్ల సంగతి? 2024లో 1.17 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్స్, ఎంత తక్కువైతే అంత మేలు) 33 సేవ్‌లు చేసిన, అంటే చివర్లో ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించిన, కర్బీ యేట్స్ 1.3 కోట్లకు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి పోయాడు. ఇంకో రిలీవర్ లెక్లెర్క్ కూడా లేడు. వచ్చింది క్రిస్ మార్టిన్, మిల్నర్, వెబ్, ఆర్మ్‌స్ట్రాంగ్, లూక్ జాక్సన్. మార్టిన్‌కి 55 లక్షలు, మిగతావాళ్లలో ఎవరికీ పాతిక లక్షలు దాటలేదు. అందరివీ ఏడాది కాంట్రాక్టులే. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వేసే క్లోజర్ ఎవరు?

అర్లింగ్టన్ బుల్లోడు: మార్టిన్ మా ఊరివాడేనండీ 👍

కొండలరావు: శ్రీనుగారూ, యేట్స్‌కి వచ్చే నెల 38 నిండుతాయి. ఆ వయసు రిలీవర్‌కి 1.3 కోట్లా? అతన్ని మనవాళ్లు తెచ్చింది 45 లక్షలకే. అప్పుడు కూడా ఇదే గోల. రిలీవర్లు ఏడాది బాగుంటే ఏడాది బాగోరు. చవగ్గా ఐదుగుర్ని తెచ్చుకుంటే ఇద్దరైనా కుదురుతారు.

ప్లానో శ్రీను: మార్టిన్‌కి ఇప్పటికే 38 అండీ.

కొండలరావు: అందుకే 55 లక్షలు, 1.3 కోట్లు కాదు.

ప్లానో శ్రీను: వయసు సంగతి మీరే ఎత్తారు. 2023 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో సిరీస్ ఐదో మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నా. తొమ్మిదో ఇన్నింగ్స్, 4-2 మనది. లెక్లెర్క్ బంతిని ఆస్ట్రోస్ బ్యాటర్ ఆల్టూవే ఎడమవైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు, మూడు రన్స్. పక్క సీటాయన అప్పటికే టవల్ తిప్పడానికి లేచి నిలబడి ఉన్నాడు, అలాగే కూర్చుండిపోయాడు. చవక బుల్‌పెన్ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

కొండలరావు: ఆ సిరీస్ గెలిచాం కదా. హ్యూస్టన్ వెళ్లి రెండూ కొట్టాం. ఆ ఏడాది మన బుల్‌పెన్ నిలబెట్టిన ఆధిక్యాలకన్నా చేజార్చినవే ఎక్కువ, అయినా వరల్డ్ సిరీస్ మనదే. ప్లేఆఫ్స్‌లో ఇయోవాల్డీ 5-0. స్టార్టర్లే గెలిపిస్తారు.

ప్లానో శ్రీను: ఒకసారి అదృష్టం కలిసొస్తే అదే పద్ధతి అయిపోతుందా? మా ఆఫీసులోనూ ఇంతే. అనుభవమున్న టెస్టింగ్ వాళ్లని పంపేసి ఏడాది కాంట్రాక్టు మీద మనుషుల్ని తెచ్చారు. రిలీజ్ రాత్రి రెండింటికి కూర్చుని సరిచేసింది నేను. మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి పోయిందో నాకు తెలుసు.

ఇర్వింగ్ సుజాత: మీ ఆఫీసుకీ దీనికీ ఏంటండీ సంబంధం?

ప్లానో శ్రీను: సంబంధం ఉంది మేడం. జట్టు జీతాలు దాటితే లీగ్‌కి పన్ను కట్టాల్సిన లగ్జరీ ట్యాక్స్ గీత 2025కి 24.1 కోట్లు. అది దాటకూడదనే ఈ పొదుపంతా. టికెట్ రేట్లకి మాత్రం ఏ గీతా లేదు. టీవీలో చూసేవాళ్లకి అది తెలీదు.

కొండలరావు: నన్నేనా అంటున్నారు? ఫ్రిస్కోలో మన కుర్రాళ్లు ఆడే డబుల్-ఎ (కింది లీగ్) మ్యాచ్‌లకి ఎండలో కూర్చునేది నేను. కుర్ర పిచ్చర్ కుమార్ రాకర్ వేసే స్లైడర్ బంతి దగ్గర్నుంచి చూశా. నడుము ఎత్తులో వస్తున్నట్టే ఉండి మట్టిలో దిగుతుంది, బ్యాటర్ గాల్లో తిప్పి క్యాచర్ వైపు చూస్తాడు. సెప్టెంబర్‌లో పెద్ద లీగ్‌లో సియాటిల్‌పై మొదటి మ్యాచ్‌లోనే 7 స్ట్రైకౌట్లు. వాళ్లమ్మ తరఫు వాళ్లు మన ఇండియా నుంచి వెళ్లినవాళ్లు, అది వేరే సంతోషం. అతనూ, ఇంకో కుర్ర పిచ్చర్ లైటరూ స్టార్టర్లుగా ఐదు రోజులకోసారి వేయాలి. దెబ్బలు తిననివ్వండి. అందుకోసం ఈ ఏడాది ఓడినా నాకు పర్లేదు.

ప్లానో శ్రీను: ఇదీ అసలు సంగతి! ఇంతసేపూ యేట్స్ వయసు గురించి కొట్టుకున్నాం. ఈ ఏడాది ఓడితే నాకు పర్లేదు అనిపించదు. మన ఇంకో స్టార్టర్ డీగ్రామ్‌కి జూన్‌లో 37. వచ్చి రెండేళ్లయింది, వేసినవి తొమ్మిది మ్యాచ్‌లు. ఇయోవాల్డీకి 35, రెండుసార్లు మోచేతి ఆపరేషన్ అయింది. వీళ్లిద్దరూ ఆరోగ్యంగా ఉన్న ఏడాది ఇంకొకటి వస్తుందో రాదో. ఆ ఏడాదే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎవరూ లేకుండా ఎలా?

కొండలరావు: రాకర్‌కి 25. మీరు వాళ్లిద్దర్నీ చూస్తున్నారు, నేను ఇతన్ని చూస్తున్నా. అంతే తేడా.

ప్లానో శ్రీను: చూడండి. క్లోజర్ ఎవరో మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.

అర్లింగ్టన్ బుల్లోడు: మార్చి 27 బోస్టన్ మ్యాచ్‌కి రెండు టికెట్లు ఎక్కువున్నాయి, ఎవరికైనా కావాలా?