ట్రాన్స్‌జెండర్ల ఉద్యోగ హక్కుల కోసం ఎమ్మెల్యే, ఎంపీల చుట్టూ తిరగడం వల్ల ఉపయోగం ఉందా?

గోదారిగట్టు:
మేం కొంతమందిమి కలిసి మా ఎమ్మెల్యేకి, ఎంపీకి వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. పనిచేసే చోట ట్రాన్స్‌జెండర్లకు సమాన హక్కులు దక్కాలన్నది విషయం. మాలో మాకే పొత్తు కుదరడం లేదు. ఒకరు కోర్టుకే వెళ్దామంటారు. ఇంకొకరు, నాయకులు ఫొటో దిగి పంపించేస్తారు, దానికన్నా కంపెనీలతో మాట్లాడితే నలుగురికైనా జీతం వస్తుందంటారు.

నా మటుకు నాకు ప్రజాప్రతినిధుల దగ్గరికే వెళ్లాలని ఉంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో గానీ ప్రమోషన్‌లో గానీ వివక్ష చూపకూడదు. చూపితే? శిక్షల సంగతి చెప్పే 18వ సెక్షన్‌లో వెట్టిచాకిరీ ఉంది, బహిరంగ ప్రదేశాల్లోకి రానివ్వకపోవడం ఉంది, ఇంట్లోంచి ఊళ్లోంచి తరిమేయడం ఉంది, హింస ఉంది. వీటికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. ఉద్యోగం ఇవ్వకపోవడం, ఉన్న ఉద్యోగం తీసేయడం మాత్రం ఆ వరసలో లేవు. దాన్ని చేర్చాల్సింది చట్టసభ కాక ఇంకెవరు?

బెజవాడ లాయర్:
మీ ఉద్దేశం మంచిదే గానీ చరిత్ర చూడండి. నిజాం కాలంలో, 1919లో తెచ్చిన చట్టం ఒకటి ఉండేది. హిజ్రాల పేర్లతో రిజిస్టర్ పెట్టొచ్చు, ఆడవేషంలో బయట కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, ఎన్నో ప్రభుత్వాలు వచ్చి పోయాయి, ఏ అసెంబ్లీ దాన్ని రద్దు చేయలేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తిస్తూ సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇవ్వకపోతే ఈ రోజు మనం మాట్లాడుకోవడానికి ఆధారమే ఉండేది కాదు. 2025 అక్టోబర్‌లోనూ, ప్రైవేటు స్కూళ్లలో ఉద్యోగం దక్కని ఒక ట్రాన్స్ టీచర్ కేసులో సుప్రీంకోర్టే పరిహారం ఇప్పించి, సమాన అవకాశాల విధానం తయారు చేయడానికి కమిటీ వేసింది. ఓట్లు తక్కువున్న వాళ్లకు కోర్టే దిక్కు.

గోదారిగట్టు:
లాయర్ గారూ, నల్సా తీర్పు గొప్పదే, కాదనను. కానీ అందులో రిజర్వేషన్ ఇవ్వమని స్పష్టంగా చెప్పారు. ఇన్నేళ్లలో ఎన్ని రాష్ట్రాలు ఇచ్చాయి? కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం ఇచ్చిందంటే, హైకోర్టులో కేసు నడుస్తుండగా ప్రభుత్వం నియామక నిబంధనలు సవరించబట్టే.

ఇంకొకటి. 2018 డిసెంబర్‌లో లోక్‌సభ ఆమోదించిన బిల్లులో, ఎవరు ట్రాన్స్‌జెండరో తేల్చడానికి జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఉండేది. భిక్షాటన చేయిస్తే నేరమనే క్లాజు ఉండేది. దాంతో పెద్దవాళ్లుగా తమను సాకిన గురువులనే జైల్లో పెడతారని హిజ్రాలు భయపడ్డారు. ఊరూరా రోడ్డెక్కారు, ఎంపీలను కలిశారు. 2019లో మళ్లీ వచ్చిన బిల్లులో ఆ రెండూ లేవు. చట్టం ఇంకా లోపాలతోనే వచ్చింది, అది వేరే బాధ. కానీ ఆ రెండు మార్పులూ ఏ తీర్పూ తేలేదు, జనం అడిగితే వచ్చాయి. అంతకుముందు 2015లో ఎంపీ తిరుచ్చి శివ గారి ప్రైవేటు మెంబర్ బిల్లును (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) రాజ్యసభ ఆమోదించింది. ప్రభుత్వోద్యోగాల్లో రెండు శాతం రిజర్వేషన్ అందులో ఉంది. ఒక్క ఎంపీ గట్టిగా పట్టుకుంటే అంతదాకా వెళ్లింది.

ఓరుగల్లు:
గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న. మనసులో ఉన్నది అడుగుతున్న, తప్పుగ అనుకోవద్దు. వాళ్లకు అన్యాయం జరుగుతున్నది, ఒప్పుకుంటా. కానీ ఉన్న పోస్టులే తక్కువ. మళ్లొక కోటా పెడితే బీసీల వాటా తగ్గదా? దీని మీద ఎమ్మెల్యేను అడిగితే ఊళ్లె నలుగురు నన్నే నిలదీస్తరు.

బెజవాడ లాయర్:
మంచి ప్రశ్న. వాళ్లందరినీ బీసీల్లో కలిపితేనే మీరన్న సమస్య. పైగా దళిత ట్రాన్స్ మహిళకు అప్పుడు ఎస్సీ వాటా అడిగే దారి ఉండదు. అందుకే వాళ్లు అడుగుతున్నది హారిజాంటల్ రిజర్వేషన్. మహిళలకు, దివ్యాంగులకు ఉన్నట్టే, ఎవరి కులం కోటాలో వాళ్లకు కొన్ని పోస్టులు. కర్ణాటకలో అర్హులు దొరక్కపోతే ఆ పోస్టు అదే వర్గంలోని మగవాళ్లకో ఆడవాళ్లకో పోతుంది. ఖాళీగా మురగదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ అని రాయించుకున్నది 43,769 మంది. అందులో చదువుకుని పరీక్ష దాకా వచ్చేవాళ్లు ఎందరుంటారో మీరే ఊహించండి.

హెచ్‌ఆర్ మాట:
నేను రిక్రూట్‌మెంట్‌లో ఉంటాను. చట్టాలు, కోటాలు అన్నీ సరే, ఉద్యోగం ఇచ్చాక ఏమవుతుందో ఎవరూ మాట్లాడటం లేదు. 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్ వ్యక్తులను తీసుకుంటే దేశమంతా మెచ్చుకుంది. కొన్నాళ్లకే కొందరు మానేశారు, ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వక. అందుకే ముందు కంపెనీలతో పనిచేయండి అంటాను. యాజమాన్యానికి మనసుంటే ఒక సర్క్యులర్‌తో అయిపోయే పనికి అసెంబ్లీ దాకా ఎందుకు?

నీలిమేఘం:
నేను ట్రాన్స్ మహిళను. ఇప్పటిదాకా ఊరికే చదువుతున్నాను. హెచ్‌ఆర్ గారూ, యాజమాన్యం మనసు మీద బతికే ఉద్యోగం ఎలా ఉంటుందో నాకు తెలుసండి. నేను చేరిన చోట మేనేజరు మంచివాడు. ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన నన్ను కస్టమర్ల ఎదుటికి పంపొద్దన్నాడు, వెనక గదిలో డేటా ఎంట్రీకి వేశాడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలని 11వ సెక్షన్‌లో ఉందట. మా ఆఫీసులో ఆ పేరు విన్నవాళ్లే లేరు.

మీరంతా వదిలేసిన విషయం ఒకటి ఉంది. టెన్త్ మెమో. కలెక్టర్ గారి దగ్గర్నుంచి ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, ఆధార్ మారింది, పాన్ మారింది. మెమోలో మాత్రం అబ్బాయి పేరే. ఇంటర్, డిగ్రీ అన్నీ దాని వెనకే నడుస్తాయి కదా. ఇంటర్వ్యూ పాసయ్యాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పేర్లు కలవలేదని ఆపేస్తారు. అప్పుడు తెలియని మనిషికి ఫోన్లో నా కథంతా చెప్పుకోవాలి. ఆ చట్టం కింద వచ్చిన 2020 రూల్స్ ప్రకారం సర్టిఫికెట్ చూపించి అడిగితే పత్రాల్లో పేరు 15 రోజుల్లో మార్చాలి. బోర్డు ఆఫీసుకి వెళ్తే యూనివర్సిటీకి వెళ్లమన్నారు. అక్కడికెళ్తే ముందు మెమో మార్పించుకు రమ్మన్నారు. దీనికి కోర్టుకి వెళ్లేంత డబ్బు నాకు లేదు. ఏ కంపెనీ సర్క్యులరూ మెమో మీద పేరు మార్చదు. ఒక్క జీవో వస్తే నాలాంటి వాళ్లందరికీ తీరిపోతుంది.

హైదరాబాద్‌లో 2024 డిసెంబర్‌లో 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నప్పుడు మా వాళ్లు ఏడ్చారండి, సంతోషంతో. ముఖ్యమంత్రి తలచుకుంటే జరిగింది. కానీ రేపు వచ్చేవాళ్లు తలచుకోకపోతే? అందుకే మాకు రాతలో కావాలి.

గోదారిగట్టు గారూ, ఇంకొక్కమాట. మీ బృందంలో మావాళ్లు ఉన్నారా?

గోదారిగట్టు:
ఇద్దరున్నారండి. చాలదని మీరు అడిగాక అర్థమవుతోంది. చిత్తుప్రతి మీరు చూడకుండా ఎవరికీ ఇవ్వం. టెన్త్ మెమోనే మొదటి కోరికగా పెడదాం. ఎమ్మెల్యేను రాష్ట్రం చేతిలో ఉన్నవే అడుగుదాం: బోర్డులకు, యూనివర్సిటీలకు జీవో, ప్రభుత్వ కార్యాలయాలన్నింట్లో ఫిర్యాదుల అధికారి పేరు గోడ మీద, హారిజాంటల్ రిజర్వేషన్.

ఓరుగల్లు:
అట్లయితే సంతకం పెడుత. మా కోచింగ్ సెంటర్ల గూడ అడుగుత, కర్ణాటక పద్ధతి చెప్పి.

బెజవాడ లాయర్:
కోర్టు దారి వదలొద్దనే ఇప్పటికీ అంటాను. అయినా వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నా. 18వ సెక్షన్ సవరణ పార్లమెంటు పని, అది ఎంపీ కాగితంలోనే రాయండి. సొంత రూల్స్ చేసే అధికారం 22వ సెక్షన్ రాష్ట్రానికీ ఇచ్చింది, అది ఎమ్మెల్యే కాగితంలో ఉండాలి. రెండూ కలిపి రాస్తే ఇద్దరూ తమది కాదంటారు. ‘చూద్దాం’ అంటే లేచి రాకండి. ఎన్ని ఆఫీసుల్లో ఫిర్యాదుల అధికారిని నియమించారో అసెంబ్లీలో ప్రశ్న వేయమనండి. మంత్రి ఇచ్చే జవాబు సభ రికార్డులో ఉంటుంది. ఆ కాగితం నాకు పంపితే రిట్ పిటిషన్ నేనే వేస్తాను, ఫీజు వద్దు.